వచ్చునీరు - పోవునీరు

మన పూర్వులు సప్తసంతానములలో తటాకమునకు స్థానమిచ్చిరి. కుమారుడు, కృతి, నిధి, దేవాలయము, వనము, అగ్రహారము అనువానితోపాటు చెరువు త్రవ్వించినవాని పేరును లోకమున నిలుచునని వారి విశ్వాసము. ఆ విశ్వాసము వలననే తెలుగుదేశమున వేలకొలది చెరువులు, బావులు, కోనేరులు వెలసినవి. వానిని కట్టించినవారి వంశావళులు రాళ్ళపై చెక్కబడినవి. అయితే నీటికి రెండు ప్రయాణములు కలవు. ఇంటిలోనికి వచ్చుట యొకటి; ఇంటినుండి వెలుపలికి పోవుట రెండవది. మొదటిదానికి దాతలును శాసనములును పూజలును కలవు. రెండవదానికి దాతయు లేడు, శాసనమును లేదు. "మోరి" యను మాటను నలుగురిలో నుచ్చరించుటకే సంకోచించు పెద్దమనుష్యులు మనలో ననేకులు కలరు. మాటయం దింత సంకోచ మున్నచోట వస్తువునందు శ్రద్ధ యెట్లు కలుగును?

కట్టించినవాని చరిత్రము తేలికగా దొరకును. కట్టినదానిని చెడకుండ కాపాడినవాని చరిత్రము వెదకినగాని దొరకదు. నీటి విషయమున ఈ రెండవ చరిత్రమే మనకు ముఖ్యమైనది. ఏలయన, నగరములు నశించినది కాలువలు లేకపోవుటవలన కంటె, ఉన్న కాలువలను బాగుచేయకపోవుటవలననే యని చెప్పుటకు నిదర్శనములు పెక్కులున్నవి. ఇంటికిని ఇదియే న్యాయము.

సింధునదీ తీరమున మొహెంజొదారో త్రవ్వకములు 1922 లో నారంభమై, 1924 నాటికి లోకమునకు తెలిసినప్పుడు, పండితుల నెక్కువగా నాశ్చర్యపరచినవి యచటి మురుగుకాలువలు. నాలుగువేల యేండ్లకు పూర్వమే ఆ పట్టణమున ఇంటింటి స్నానపుగదినుండి ఇటుకల కాలువ వీధిలోని కాలువలో కలియుచుండెను. వీధికాలువలపై ఇటుకలనో రాతిపలకలనో కప్పుచుండిరి. అందు ముఖ్యముగా గమనింపదగినది, కొన్ని కప్పులు తీసి వేయుటకు వీలుగా నమర్చబడి యుండుట. అక్కడక్కడ మడ్డి దిగుటకు గుంట లుండెను. అనగా, కట్టిన శిల్పి కట్టుచున్ననాడే యిది పూడునని యెరిగి, పూడిక తీయుటకు దారి విడిచినాడు. నేడు మనము గొట్టములను గచ్చులో పూడ్చి, తెరచి చూచుట కొక మూతయైన నుంచక, పైన నున్నని పలకలు పరచి సంతోషించుచున్నాము. ఆ శిల్పికిని మనకును గల యంతరమును చదువరులే నిర్ణయింతురుగాక.

అచట త్రవ్వకములు జరిపించిన మెకే దొర మరియొక చిన్న సంగతిని గుర్తించెను. కాలువల ప్రక్కన ఇసుక మేటలు పలుచోట్ల కనబడినవట. కాలువలు అప్పుడప్పుడు బాగుచేయబడుచుండె ననుట కవి సాక్ష్యము. తీసిన పూడికను దూరముగా మోయించక గట్టుననే విడిచిరనుటకును అవియే సాక్ష్యము. తీసిన మడ్డిని గట్టున పోసి, వాన రాగానే అది మరల కాలువలోనే పడుట చూచి విచారించు మన పట్టణములకు ఈ యలవాటు మిక్కిలి పురాతనమైన వారసత్వమని తెలిసికొనుట కొంత ఊరట కలిగింపవచ్చును గాని, గర్వకారణము మాత్రము కానేరదు.

తరువాతి కాలమున కౌటిల్యు డీ విషయమును ధర్మశాస్త్ర మర్యాదతో గాక, దండనీతితో విచారించెను. మైసూరున శామశాస్త్రిగారికి దొరకి 1909 లో ముద్రితమైన అర్థశాస్త్రమున, వీధిలో మట్టి పోసినవానికి పణములో ఎనిమిదవవంతును, బురదనీరు నిలువజేసి త్రోవ నడ్డగించినవానికి పణములో నాల్గవవంతును దండము విధింపబడినది. రాజమార్గమున నదే పని చేసినచో దండము రెట్టింపు. పొరుగువాని గోడకు మన యింటి నీటిదారి యెంత యెడముగ నుండవలెనో కూడ అందు చెప్పబడినది. ఇచట గ్రహింపవలసిన దేమన, మురుగునీరు ఇంటివాని సొంత వ్యవహారము కాదని కౌటిల్యుని మతము. గడప దాటగానే అది పొరుగువాని వ్యవహారము, పిమ్మట నూరి వ్యవహారము నగుచున్నది.

మన తెలుగునేలపైనను ఈ విద్య లేకపోలేదు. కరీంనగరమునకు సమీపముననున్న పెద్దబంకూరులో శాతవాహనుల నాటి ఇటుక బావులును, మట్టి వరలు దింపిన బావులును బయల్పడినవి. నల్లగొండ సీమకు దాపున కృష్ణాతీరమున ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురిలో - దానినే మనము నాగార్జునకొండ యందుము - 1954 మొదలు 1960 వరకు జరిగిన త్రవ్వకములలో స్నానఘట్టములును, జలాశయములును, మెట్లతో గూడిన క్రీడామందిరమును కనబడినవి. ఆ క్రీడామందిరమున వాననీరు నిలువకుండ పోవుటకు కాలువయు నుండెను. వినోదస్థానమును కట్టునపుడు సయితము పోవునీటిని మరువని శిల్పులు మన దేశమున నుండిరనుట కిది చాలును. ఆ లోయ నేడు నాగార్జునసాగర జలములలో నున్నది.

ఇక కాకతీయుల కాలమును, దానికి ముందువెనుకల కాలమును చూతము. నల్లగొండ చెంత పానగల్లున కందూరు చోడుల నాటి ఉదయసముద్రము నేటికిని నిండుచున్నది. ఇన్ని వందల యేండ్లు ఒక మట్టికట్ట యెట్లు నిలిచినది? కట్టించిన రాజుల బలము వలన గాదు. ఆ రాజులు పోయినారు. కట్టను చూచుకొను మనిషియు, ఆ మనిషికి జీవనమును ఏర్పడియుండుటవలన. మన శాసనములలో "దశబంధ" మను మాట తరచుగా వినబడును. చెరువును త్రవ్వించినవానికో, తెగిన చెరువును బాగుచేసినవానికో, ఆ చెరువు క్రింది సాగుబడిలో పదియవ వంతును ఇచ్చు నేర్పాటు అది. చెరువు నిండిన పంట పండును. పంట పండిన వానికి భాగము వచ్చును. భాగము రావలెనన్న కట్ట చెడకూడదు. కాపాడువాని లాభమును కాపాడబడు వస్తువు క్షేమముతో ముడివేసిన ఈ యుపాయమును మన పెద్దలు ఏ పాశ్చాత్య గ్రంథమునుండియు నేర్వలేదు. దీనికి తోడు ఊరూర నీరడి యుండెను. తూము తీయుట, మూయుట, కట్టపై చిల్లులు వెదకుట, కాలువ పారునట్లు చూచుట అతని పని. అతని బ్రతుకు గొప్పదని కాదు. ఆ వృత్తియు కులముతో ముడిపడి, చాలీచాలని మేరలతో గడిచినదే. కాని, "ఈ పని యెవరిది?" అను ప్రశ్నకు ఊరిలో జవాబుండెను.

కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువు శాసనము 1369 నాటిది. విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువును కట్టించెను. మంచి చెరువునకు పండ్రెండు అంగములును, ఆరు దోషములును కలవని ఆ శాసనము చెప్పుచున్నది. కట్టనుండి నీరు ఊరి కారుట ఆ దోషములలో నొకటి. తెగిపోవుట దోషమని వ్రాయలేదు. తెగుట ఫలము, ఊరుట దోషము. చిన్న చెమ్మను చూచినప్పుడే పెద్ద గండిని చూడగల ఈ దృష్టియే మన యిండ్లలో కరవైనది. గోడపై చెమ్మమచ్చ కనబడగా దానిపై సున్నము వేయుదుము. గొట్టము నెవరును తడిమి చూడరు.

గోలకొండ దుర్గమున మట్టిగొట్టములను గోడలలో నమర్చి, నీటిని అంతస్తు తరువాత అంతస్తుగా చక్రములతో ఎక్కించి, రాజమందిరములకు చేర్చిరి. విరిగిన గోడలలో ఆ గొట్టములు నేటికిని యాత్రికులకు కనబడును. 1687 లో దుర్గము మొగలులకు వశమైన పిమ్మట రాజగృహము లేదు, నీరెక్కించు మనుష్యులు లేరు. గొట్టములు మిగిలినవి, నీరు పోయినది. యంత్రము మిగులుట వేరు, అది పనిచేయుట వేరు అనుటకు ఇంతకంటె చూడదగిన పాఠము హైదరాబాదు చుట్టుప్రక్కల లేదు. పాఠశాలల పిల్లలను అచటికి తీసికొనిపోవు ఉపాధ్యాయులు ఫిరంగులతోపాటు ఆ గొట్టములనుగూడ చూపుట మేలు.

రోమునగరపు కథయు నిట్టిదే. క్రీ. శ. 97 లో ఆ నగరపు జలశాఖకు అధికారియైన ఫ్రాంటైనసు తన శాఖనుగూర్చి యొక గ్రంథమును వ్రాసెను. కాలువలను కాపాడుటకు నగరమున 240 మందియు, చక్రవర్తి పక్షమున 460 మందియు, వెరసి 700 మంది దాసు లుండిరని అత డందు లెక్కచెప్పెను. నీటిలోని మడ్డి గడ్డకట్టి పెచ్చుగా మారి దారిని ఇరుకు చేయుననియు, చెట్లవేళ్ళు కట్టడమును చీల్చుననియు, కావున కాలువకు ఇరుప్రక్కల ఖాళీ విడువవలెననియు అతడు వ్రాసినాడు. పందొమ్మిది వందల యేండ్ల తరువాత పాలమూరు మెట్టసీమలో గొట్టములు పూడుటకు గల కారణములును ఈ రెండే: పెచ్చును, వేళ్ళును.

రోమునందు పెచ్చు కట్టించినదియు, కోస్గియందు పెచ్చు కట్టించునదియు నీటిలో కరిగియున్న సున్నమే. మన ప్రాంతమున రాతిపొరలనుండి వచ్చు బోరునీరు పలుచోట్ల కఠినమైనది. ఆ నీరు కాగినప్పుడు పాత్రయడుగున తెల్లని పెచ్చు కట్టుట ప్రతి గృహిణియు నెరిగినదే. ఆ పెచ్చే కుళాయి జల్లెడలోను, వేడినీటి యంత్రములోను, గొట్టపు వంపులలోను కట్టును. సబ్బు ఈ నీటిలో నురుగు తక్కువగా నిచ్చి, తెట్టుగా విరుగును. ఆ తెట్టు వంటింటి నూనెతో కలసి, గొట్టపు లోపలి గోడకు మైనమువలె నంటుకొనును. ఏటేట దారి సన్నమగును. ఒకనాడు పెండ్లియో పండుగయో వచ్చి, ఇంట పదిమంది చేరగా, నీరు వెనుకకు తన్నును. అందరును "ఈనాడే యేమి వచ్చినది!" అందురు. వచ్చినది ఈనాడు కాదు; పది సంవత్సరములనుండి వచ్చుచున్నది.

ఇంటి మురుగును ఉపేక్షించిన ఫలము ఎంతవరకు పోవునో తెలుపుటకు లండను నగర వృత్తాంత మొకటి చెప్పక తీరదు. 1854 లో అచట బ్రాడువీధి ప్రాంతమున విషూచి చెలరేగి, 600 మందికి పైగా మరణించిరి. జాన్ స్నో అను వైద్యుడు మరణించినవారి యిండ్లను లెక్కించి, వారు త్రాగిన నీరు ఒక్క బావి గొట్టమునుండి వచ్చినదని నిరూపించెను. గొట్టపు పిడి తీయించుట అందరు నెరిగిన కథ. అందరు నెరుగని భాగ మింకొకటి కలదు. మరుసటి సంవత్సరమున ఆ బావి ప్రక్కయింటి మురుగుగుంటను త్రవ్వి చూడగా, ఇటుకల సున్నము రాలి, కాలువ కుళ్ళి, మురుగు మూడడుగుల దూరమున నున్న బావిలోనికి ఊరుచుండుట కనబడెను. ఆ యింట నొక పసిబిడ్డకు జబ్బుచేయగా, తల్లి బట్టలు పిండిన నీటిని ఆ గుంటలో పోసినది. ఆమె చేసిన దోష మేమియు లేదు. ఏ తల్లియైన నదియే చేయును. దోషము రాలిన సున్నమునందున్నది. ఒక్క తాపీపనివాడు ఒక్కపూట కూర్చుండి చేయదగిన మరమ్మతు జరుగనందున ఆరువందల ప్రాణములు పోయినవి.

ఇది దూరదేశపు పాతకథ యని కొందరు తలపవచ్చును. మన పట్టణములలో కుళాయి నీరు దినమంతయు వచ్చుట అరుదు. ఏ రెండుగంటలో వచ్చి ఆగిపోవును. నీరు నిండుగా పారునపుడు గొట్టమున చిల్లున్నచో లోపలి నీరు బయటికి పోవును. నీరాగి గొట్టము ఖాళీయగునపుడు బయటిది లోపలికి పీల్చబడును. ఆ చిల్లు మోరి ప్రక్కననో మోరిలోననో ఉన్నయెడల, పీల్చబడున దేదో వ్రాయనక్కరలేదు. మరునాడు మొదట వచ్చు బిందెడు నీటిలో అది యింటికి చేరును. అతిసారము, కామెర్లు, సన్నిపాత జ్వరము ఒకే వీధిలో వరుసగా వచ్చినప్పుడు మనము గ్రహములను తలంతుము. తలంపవలసినది, ఇంటిముందు మోరిలో మునిగియున్న మన గొట్టమును.

హైదరాబాదు నగరము ఈ పాఠమును మిక్కిలి వెలయిచ్చి నేర్చుకొన్నది. 1908 సెప్టెంబరు 28 న మూసీనది పొంగి నగరమును ముంచినపుడు మృతులు పదునైదువేలకు దాపని చెప్పుదురు. పిమ్మట నిజాం ప్రభుత్వము పిలువగా వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు కారణములను విచారించిరి. నగరమునకు ఎగువన మూసీ పరీవాహమున 788 చెరువు లుండగా, ఆ వానలో 221 తెగినవని వారి లెక్క. వాన అసాధారణమైనదే. కాని, ఒక చెరువు తెగి, దాని నీరు క్రింది చెరువుపై పడి, అదియు తెగి, ఇట్లు వరుసగా వచ్చిన వరద వాననీటికంటె ఘోరమైనది. ఇరుగుపొరుగుల క్షేమ మొకరిదొకరిపై ఎంతగా నాధారపడి యుండునో ఆ వరుస తెంపు చూపినది. విశ్వేశ్వరయ్యగారు ఎగువను జలాశయములు కట్టవలెననియు, నగరమునకు భూగర్భ మురుగుకాలువలు వేయవలెననియు సూచించిరి. ఉస్మాన్‌సాగరము 1920 లోను, హిమాయత్‌సాగరము 1927 లోను పూర్తియైనవి. వచ్చు నీటికిని పోవు నీటికిని ఒకే ప్రణాళికలో చోటిచ్చుట ఆ మహాశిల్పి దూరదృష్టి.

ఆ నగరపు జంటపట్టణమైన సికింద్రాబాదులోనే 1897 ఆగస్టు 20 న రొనాల్డు రాసు దోమ కడుపున మలేరియా బీజమును కనుగొనెను. మలేరియా దోమకు కొంత తేటనీరు కావలెను. మూత లేని నీటితొట్టి దానికి చాలును. బోదకాలును వ్యాపింపజేయు దోమకు మోరిలో నిలిచిన మురుగే పుట్టినిల్లు. అనగా, వచ్చునీటి నుపేక్షించిన నొకటి, పోవునీటి నుపేక్షించిన మరియొకటి మనలను శిక్షించుటకు సిద్ధముగానున్నవి.

నిరాశకు మాత్రము తావు లేదు. మెట్లబావులున్న మెట్టప్రాంతములలో నారికురుపు తరతరములుగా రైతులను బాధించినది. పుండున్న కాలితో బావిలోనికి దిగి నీరు ముంచుకొనుటచేత ఆ పురుగు ఒకరినుండి యొకరికి వ్యాపించుచుండెను. ఆంధ్రప్రదేశ్‌తో గూడ ఏడు రాష్ట్రములలో ఈ వ్యాధి యుండెను. దీనికి టీకా లేదు, మందు లేదు. మెట్లబావులను చేదబావులుగా మార్చుట, నీటిని బట్టలో వడగట్టుట, పుండున్నవారు నీటిలో దిగకుండుట - ఇంతే చికిత్స. 1996 లో కడపటి రోగి కనబడెను. 2000 లో భారతదేశము ఈ వ్యాధినుండి విముక్తమైనదని ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్ణయించెను. ఇంటింట పాటించిన ఒక చిన్న నియమము తరతరముల వ్యాధిని మాన్పినది. మోరి విషయమునను ఇట్టి విజయము మనకు దుర్లభము కాదు.

కోస్గి మొదలైన పాలమూరు పట్టణములలోని పాత యిండ్ల నెరిగినవారికి జాలారి తెలియును. పెరటిమూల తాండూరు బండ పరచి, చుట్టును గచ్చు అంచు కట్టి, గోలెము ప్రక్కన స్నానమును, పాత్రలు తోముటయు నచటనే చేయుచుండిరి. నీరు గోడలోని రంధ్రముగుండ అరటిపాదునకో వీధిమోరికో పోవుచుండెను. పాత్రలు తోమిన బూడిద దారిలో దిగి అడ్డుపడుట నిత్యము జరుగునదే. ఇంటి యాడవారు పొద్దుననే చీపురుతో దానిని త్రోసివేయుచుండిరి. ఆ మోరిలో లోపములు లేకపోలేదు. వాసన యుండెను, ఈగ లుండెను. కాని, అది కంటి కెదుట నుండెను. తన యవస్థను తానే చెప్పుకొనుచుండెను. నేటి గొట్టము గచ్చులో దాగినది, అది మాటాడదు. 2016 ఆగస్టులో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకముతో నదీజలములు మెట్టసీమ గ్రామములకు కుళాయిలలో వచ్చినవి. 2019 నుండి నారాయణపేట జిల్లాలో చేరిన కోస్గి నేడు పురపాలక పట్టణము. వచ్చునీరు పెరిగినచోట పోవునీరును పెరుగక తప్పదు. బిందెలతో తోడిన నాటి మోరి కుళాయి నాటి నీటిని మోయజాలదు.

ఇంతవరకు చెప్పిన దంతయు వస్తువులనుగూర్చి. ఇక మనుష్యులనుగూర్చి చెప్పవలసియున్నది. ఇంటిగొట్టములో మనము పడవైచిన గుడ్డపేలిక, వెండ్రుకలు, నూనెముద్ద, పాలిథీను సంచి అచటనే నిలువవు. అవి వీధి క్రిందికి పోయి, మనుష్యుడు దిగునంత లోతైన గుంటలో చేరి దారి నడ్డగించును. అప్పుడు దానిలోనికి దిగునది మనము కాము. ఏ కులమువారిని దింపుదుమో మన కందరకును తెలియును. ఆ గుంటలో పుట్టు విషవాయువు మొదట కుళ్ళినగ్రుడ్డు వాసన నిచ్చును. అది హెచ్చినప్పుడు ముక్కు ఆ వాసననే గ్రహింపదు. దిగినవాడు మరల రాడు. అతనిని రక్షింప దిగిన రెండవవాడును రాడు.

ఈ ఘోరమును మాన్పుటకు 1993 లో నొక చట్టమును, 2013 లో నింకొక చట్టమును పుట్టినవి. కోలారు బంగారుగనులలో పారిశుద్ధ్యపు పనివారి తెలుగు కుటుంబమున జన్మించిన బెజవాడ విల్సన్‌గారు, ఎస్. ఆర్. శంకరన్‌గారి వంటి సహృదయులైన అధికారుల తోడ్పాటుతో, సఫాయి కర్మచారీ ఆందోళనమును నడపిరి. విల్సన్‌గారికి 2016 లో రామన్ మెగసెసే పురస్కారము లభించెను. ఆ సంస్థ వేసిన వ్యాజ్యెమున 2014 లో సుప్రీంకోర్టు, 1993 తరువాత మురుగుగుంటలలో మరణించినవారి కుటుంబములకు పదిలక్షల రూపాయలు చెల్లింపవలెనని తీర్పు చెప్పెను. 2023 లో మరియొక తీర్పున ఆ మొత్తము ముప్పదిలక్ష లయ్యెను. ధర పెరిగినది; చావు లాగలేదు. అస్పృశ్యత పోవలెనని సభలలో ఉపన్యసించు మనము మన వంటింటి జల్లెడనుండియే ఆ యుద్యమము నారంభింపవచ్చును. గొట్టమున పూడిక పుట్టకుండ చూచుట, ఒకనిని గుంటలోనికి దింపకుండ చూచుటయే.

కావున గృహస్థులు పాటింపదగిన నియమములను సంగ్రహముగ మనవిచేయుచున్నాను. మనకు పండుగలకు ఇల్లు కడుగు ఆచారము కలదు. ఆ యాచారముతో గొట్టములనుగూడ చేర్చిన చాలును. క్రొత్త పంచాంగము వ్రాయనక్కరలేదు.

ప్రతిదినమును, నూనెపాత్రలను నీటిలో ముంచకముందే బూడిదతోనో పాతకాగితముతోనో తుడిచి, ఆ తుడుపును చెత్తలో వేయవలెను. మెతుకులు, టీపొడి, వెండ్రుకలు తూముపై జల్లెడలోనే ఆగవలెను. వేడినీరు పోసినచో నూనె కరగి పోవునని కొందరి నమ్మకము. కరగి పోవును, నాలుగడుగుల దూరమున మరల గడ్డకట్టును.

ప్రతి యమావాస్యకును, కుళాయి జల్లెడలను విప్పి, పెచ్చును నిమ్మరసముతోనో చింతపండు నీటితోనో నానవైచి కడుగవలెను. వాడని స్నానపుగదిలో చెంబెడు నీరు పోయవలెను. దీనికి కారణము తెలిసికొనుట మంచిది. 1775 లో అలెగ్జాండరు కమ్మింగు అను గడియారపు పనివాడు గొట్టమును వంచి, ఆ వంపులో కొంచెము నీరు నిలుచునట్లు చేసి హక్కు పొందెను. ఆ నిలిచిన నీరే మురుగుగాలిని ఇంటిలోనికి రానీయని తలుపు. వాడని గదిలో ఆ నీరు ఆరిపోవును; తలుపు తెరచుకొనును.

కారుచున్న కుళాయిని ఆనాడే బాగుచేయవలెను. క్షణమున కొకబొట్టు చొప్పున కారిన దినమునకు 86,400 బొట్లు. ఇరువది బొట్లు ఒక మిల్లీలీటరని యెంచినను దినమునకు నాలుగు లీటర్లకు పైగా, సంవత్సరమునకు 1,500 లీటర్లకు పైగా పోవును. కొన్ని రూపాయల రబ్బరు బిళ్ళ దీని నాపును. ఈ లెక్కను ఇంటి పిల్లలచేతనే చేయించుట యుత్తమము.

మృగశిర కార్తె రాకముందే మిద్దెపై నీటిదారులను, వాననీటి గొట్టములను ఊడ్పించవలెను. వాననీటిని మురుగుగొట్టములో కలుపరాదు. ఇంకుడుగుంతకు మళ్ళించిన బావికిని బోరునకును మేలు. దసరాకు మేడమీది నీటితొట్టిని కడిగి, మూత బిగువుగ నున్నదో లేదో చూడవలెను. సంక్రాంతికి వీధిమోరి దాటు మన కుళాయి గొట్టమును పరీక్షించి, అది మురుగులో మునిగియున్న యెడల పైకెత్తించవలెను. ఉగాదికి గోడలపై చెమ్మమచ్చలను వెదకవలెను.

రెండుమూడు సంవత్సరముల కొకసారి మరుగుదొడ్డి తొట్టిని యంత్రముతో తోడింపవలెను. మనిషిని దింపుట నేరము, పాపము కూడ. పూడినదని ఆమ్లమును పోయుట మరియొక యవివేకము. అది గొట్టపు అతుకులను చెరుపును. తొట్టిలో మలమును జీర్ణింపజేయు సూక్ష్మజీవులను చంపును.

ఇల్లు కట్టుకొనువారు రెండు సంగతులను మరువరాదు. నాలుగంగుళముల మురుగుగొట్టమునకు ఇంచుమించు నలువది యడుగులకు ఒక్కయడుగు వాలు చాలును. మరీ తక్కువైన మడ్డి నిలుచును, మరీ ఎక్కువైన నీరు ముందు పరుగెత్తి మడ్డి వెనుక మిగులును. ప్రతి మలుపునను తెరచి చూచుట కొక మూత యుంచవలెను. గొట్టములు పోవు దారిని కాగితముపై గీసి, ఇంటి దస్తావేజుతోపాటు భద్రపరుపవలెను. ఇంటికి వచ్చు నీటిని ఆపు మర యెక్కడ నున్నదో ఇంటనున్న ప్రతివారికిని, పదియేండ్ల బాలికకును తెలియవలెను. మోరి బాగుచేయుట ఆడవారి పనియనియు, మోరి పూడినదని కోపించుట మగవారి పనియనియు మన యిండ్లలో నొక వింతవిభాగము కలదు. అదియు సంస్కరింపదగినదే.

ఈ పనులన్నింటికిని సంవత్సరమున నాలుగైదు పూటలకంటె నెక్కువ కాలము పట్టదు. దశబంధము నిచ్చిన పూర్వులు పంటలో పదియవవంతును కాపుదలకై విడిచిరి. మనము మన యింటి వ్యయములో నూరవవంతును గొట్టములకై ప్రత్యేకించినను చాలును. చెరువుకట్టను చూచుటకు నీరడి యుండెను. ఇంటిగొట్టమునకు నీరడి గృహస్థుడే. కోస్గిలోగాని మరియే పట్టణములోగాని, ఒక్క వీధివారు కూడి ఈ సంవత్సరము మృగశిరకు ముందు తమ యిండ్లముందరి గొట్టములను పరీక్షింతురేని, ఆ వానకాలమున ఆ వీధి పిల్లల ఆరోగ్యమే దాని ఫలమును చెప్పగలదు.